తారిణమ్మకి ఇంకో కొబ్బరికాయ

ఆ కబురు నాకు మొదట తెచ్చింది ఆర్యపల్లి నుంచి వచ్చి చేపలమ్మే నూకాలు. "నువ్వు బండి నేర్సుకున్నావని మీ అత్తకి బెంగ పట్టుకుందమ్మా. తారిణమ్మకి కొబ్బరికాయ మొక్కి, బస్సోడికి ఇయ్యడానికి రోడ్డు మీదకెల్లింది, సూడు!"

మా బరంపురం వైపు అంతే. దూరాన ఉన్న అమ్మవారి గుడి వైపు వెళ్లే బస్సు డ్రైవరుకి కాయ ఇస్తే చాలు, బండీ బండీ మారి అక్కడికి చేరిపోతుంది.

ఇంట్లో స్కూటీ ఉండగా అత్తగారు నడిచి రావడమేమిటని బయల్దేరాను. చదువులాగే బండి కూడా ఇంటిదగ్గరే, పెరట్లో నేర్చుకున్నదాన్ని. పెరట్లో బస్సులు ఆగవు కదా! హల్దియాపదర్ స్టాపులో ఆగి ఉన్న బస్సుని వేగం తగ్గించకుండా దాటబోయాను. డ్రైవరు అద్దంలో నన్ను చూసి గట్టిగా హారన్ కొట్టాడు. బస్సు ముందు నుంచి రోడ్డు దాటబోతున్న ఒకావిడ అదిరిపడి ఆగిపోయింది. నా బండి ఆవిడ కుచ్చిళ్లకి తగిలీ తగలకుండా ఆగింది. తలెత్తి చూస్తే మా అత్తగారే!

"మావుసీ, ఇందాక నాకు ఇచ్చిన కాయ ఎవరి పేరున ఇచ్చినావు?" అన్నాడు డ్రైవరు కిటికీలోంచి అత్తగారితో.

"ఇంకెవుల పేరున బాబూ, ఈ మహాతల్లి పేరునే!"

"అయితే ఇంకోటి ఇయ్యి, రోడ్డు మీద నడిసేవోల పేరున."

ఆ రెండో కాయ మర్నాడు నేనే ఇచ్చాను. ఇప్పుడు ఆగిన బస్సు కనిపిస్తే, దాని ముందు మా అత్తగారే ఉన్నట్టు నెమ్మదిగా వెళతాను. మీరు ఏ దేవుడికి కాయ కొట్టినా, పేరు తెలియని ఆ డ్రైవరుని ఒక్కసారి తలుచుకోండి.