ఇరుసును సరిచూసిన మామ

మామ పోయిన కబురు నాకు కమలాపురం స్టేషన్లో తెలిసింది. తమలపాకు గంపలు రైలుపెట్టెలోకి ఎక్కిస్తున్నాను. మా ఊరాయన ఒకడు సైకిలు దిగి, టవలుతో ముఖం తుడుచుకుని, "మీ మామ పొద్దున్నే పోయినాడప్పా. నిద్దర్లోనే పోయినాడు" అన్నాడు. మిగిలిన గంపలు ఎవరు ఎక్కించారో నాకు గుర్తు లేదు.

చుట్టరికంలో ఆయన నాకు ఏమీ కాడు. మా ఊళ్ళో ఎద్దుల బండ్లు చేసే వడ్రంగి. ఊరి వావిని బట్టి నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు. ఆయన చేసిన చక్రాలు పాపాఘ్ని ఏటికి ఇటూ అటూ ఎన్నో ఊళ్ళలో తిరిగేవి. తుమ్మచెక్క ఏడాది ఎండితే గానీ ముట్టేవాడు కాదు. ఎవరైనా తొందరపెడితే, "అంత తొందరుంటే నడిచిపోప్పా, కాళ్ళకు వడ్రంగితో పని లేదు" అనేవాడు. కళ్ళజోడుకు ఒకవైపు కాడ విరిగిపోతే దారం కట్టి చెవికి తగిలించుకున్నాడు. కొత్తది కొనుక్కోమని అత్త ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. చక్రం చేయడం పూర్తయ్యాక దాన్ని వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి కాసేపు వినేవాడు. ఏం వినిపించేదో ఎవరికీ చెప్పలేదు.

నేను యుద్ధకాలంలో పటాలంలో డ్రైవరుగా పనిచేసి ఇంటికొచ్చాను. ఆ తర్వాత కొన్నాళ్ళకు సైన్యంవాళ్ళు వేలం వేసిన పాత పికప్ ఒకటి తెచ్చుకున్నాను. ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక సరుకు వేసుకునే తొట్టి. మా ఊరిది తమలపాకు పంట. కోసిన పూట రైలు అందుకోకపోతే ఆకు నల్లబడుతుంది. అంతవరకు ఆ గంపలు మామ చేసిన బండ్ల మీదే ఏరు దాటి స్టేషనుకు పోయేవి. నా పికప్ వచ్చిన ఏడాదికల్లా కొత్త బండి చేయించుకునేవాళ్ళు కరువైపోయారు. మామ నాతో మాట్లాడటం మానేశాడు. ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. అత్త మాత్రం, "ఆయప్ప కోపం నీ మీద కాదులే నాయనా, ఆ ఇనుప గాడిద మీద" అని నవ్వేది.

మా దారి దారి కాదు. ఏటి గట్టున బండరాళ్ళు పికప్ పొట్టకు తగిలేవి. రెండుసార్లు ఇంజను నూనె తొట్టి పగిలింది. చివరకు ఒక వర్క్‌షాపులో దాన్ని బెత్తెడు ఎత్తు లేపించాను. ముందు స్ప్రింగు కమాన్లకు అదనంగా పట్టీలు వేశారు. వెనక కమానుకూ ఇరుసుకూ మధ్య రెండు పక్కలా ఇనుప దిమ్మెలు పెట్టారు. రాళ్ళ బాధ తప్పింది గానీ కొత్త జబ్బు పట్టుకుంది. బండి ఎడమకు లాగేది. స్టీరింగును ఎప్పుడూ కుడికి బిగబట్టుకోవాలి. ముందు టైర్లు నెల తిరక్కుండానే చెక్కేసినట్టు అరిగిపోయాయి. మూడుసార్లు వర్క్‌షాపుకు తీసుకుపోయాను. మూడోసారి అక్కడి మిస్త్రీ చేతులు తుడుచుకుని, "చట్రమే వంకర పోయింది. పాత ఇనుము కింద అమ్ముకో" అన్నాడు.

ఆ వారంలోనే జరిగింది. ఆరుగురు తోటలవాళ్ళు వెనక గంపల మీద కూర్చుని ఉండగా ఎదురొచ్చిన గొర్రెల మందను తప్పించబోయాను. బండి ఎడమకు లాక్కుపోయి కల్వర్టు అంచున ఒక చక్రం గాలిలో వేలాడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మెల్లగా దిగారు. వాళ్ళలో పెద్దాయన, "నీ మీద మాకేం లేదప్పా. రేపట్నుంచి ఆకు ఎద్దుల బండ్లకే ఏస్తాం" అన్నాడు. వాళ్ళది తప్పనలేకపోయాను.

మామకు ఇంతకంటే సంతోషం ఏముంటుందనుకున్నాను. మరునాడు మధ్యాహ్నం ఆయనే మా వాకిట్లోకి వచ్చాడు. బొటనవేలికి దారం చుట్టుకుని ఉన్నాడు. రెండేళ్ళ తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట, "ముందు నుంచీ లాగుతాందా, ఎత్తినాక లాగుతాందా?"

"ఎత్తినాకే మామా."

"అట్లయితే చట్రానిది కాదు తప్పు. ఎత్తినోనిది."

"నామీద కోపం పోయిందా?" అని అడిగాను.

"నీ మీది కోపం నీ మీదే ఉండాది. ఆరుమంది నిన్న సావు దాకా పోయొచ్చిరి. మోటారైతే ఏంది, చక్రం చక్రమే. దాని మీద నాకేం కోపం?"

బండిని మా కల్లానికి తెమ్మన్నాడు. బండలు పరిచిన కల్లం, నీళ్ళు పోస్తే ఎటూ పారనంత చదును. ముందు ఇరుసు ఎడమ కొస నుంచి వెనక ఇరుసు ఎడమ కొసకు దారం పట్టించి ముడి వేశాడు. అదే దారంతో కుడిపక్క కొలిచాడు. అక్కడ దారం చాల్లేదు, బొటనవేలంత తక్కువైంది. నా కంటికి మాత్రం రెండు పక్కలూ ఒకటిగానే కనబడుతున్నాయి. అదే అన్నాను.

"కన్ను మొహమాటపడతాది అల్లుడా. దారం పడదు" అన్నాడు. "నీ బండి ముందుకు సూస్తాంది, ఎనక ఇరుసు పక్కకు సూస్తాంది. ఇంగ లాగక ఏం చేస్తాది?"

కిందకు దూరి చూస్తే తెలిసింది. ఎడమపక్క దిమ్మెకు మేకులా పొడుచుకొచ్చిన మొలక ఇరుసు మీది గుంతలో కూర్చోలేదు. బిగించేటప్పుడు ఇరుసు ఆ పక్క ముందుకు జరిగిపోయింది. విప్పి, మొలకను గుంతలో కూర్చోబెట్టి బిగించేసరికి పొద్దు వాలింది. ఈసారి దారం రెండు పక్కలా సరిపోయింది.

ఎడమకు లాగడం ఆగింది. కానీ ముందు చక్రాలు నిలకడగా పోవడం లేదు. వర్క్‌షాపులో ఆ రెంటినీ కలిపే కడ్డీని మూడుసార్లూ తిప్పి తిప్పి వదిలేశారు. మామ రెండు టైర్లనూ తిప్పుతూ మధ్యలో మేకుతో గీత గీశాడు. ఆ గీతల మధ్య దూరం ముందర ఎంతో వెనక ఎంతో కర్రతో కొలిచి, రెండూ సమానం చేయించాడు. రోడ్డెక్కితే బండి తాగినవాడి మాదిరి అటూ ఇటూ తూలింది. ఆ రోజు మామ అన్నం ముట్టలేదని అత్త తర్వాత చెప్పింది.

తెల్లారి వచ్చి, బండిని మెల్లగా నడపమన్నాడు. తను పక్కనే వంగి నడుస్తూ ముందు చక్రాలనే చూశాడు. ఆ వయసులో అట్లా వంగి నడవడం చూడలేక ఆపబోయాను. చెయ్యి ఊపి పోనిమ్మన్నాడు. నాలుగో చుట్టుకు నడుం పట్టుకుని లేచాడు.

"నిలబడినప్పుడు సమానమే. పోయేటప్పుడు ముందర విచ్చుకుంటాండాయి. ఎంత విచ్చుకుంటాయో అంత ముందే మూసి పెట్టల్ల."

ముందరి దూరాన్ని శెనగగింజంత తగ్గించాం. అంతే.

మామ అంతవరకు మోటారు ఎక్కినవాడు కాదు. ఆ రోజు చెప్పులు విప్పి చేతపట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. కడప రోడ్డు మీద తిన్నగా ఉన్న చోటికి రాగానే, "చేతులు ఎత్తు" అన్నాడు.

"మామా, రోడ్డు ఇది."

"ఎత్తప్పా."

ఎత్తాను. స్టీరింగు తనంతట తాను నిలబడింది. ఒక మైలురాయి దాటాం. చింతచెట్లు రెండు వైపులా వరసగా వెనక్కి పోతున్నాయి, బండి నడిరోడ్డు వదల్లేదు. నాకు నవ్వు ఆగలేదు, కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. మామ నవ్వలేదు. దారం కట్టిన కళ్ళజోడు సర్దుకుని, "ఆపద్దు. ఇంగో మైలు పోనీ" అన్నాడు.

ఊళ్ళోకి వచ్చేసరికి ఆ ఆరుగురూ కల్లం దగ్గర ఉన్నారు. పెద్దాయన మామను అడిగాడు, "ఎక్కచ్చా?"

"నేను ఎక్కి దిగినా గదా" అన్నాడు మామ. అందరూ మళ్ళీ ఆకు నా బండికే వేశారు.

తర్వాత డోన్ నుంచి, కోయిలకుంట్ల నుంచి లారీలు మా కల్లం వెతుక్కుంటూ వచ్చాయి. బండ్ల పని పోయిన మామకు చక్రాల పని మాత్రం పోలేదు. ఒకరోజు నా బండిని పాత ఇనుమన్న మిస్త్రీ కూడా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మామ అతనికి దారం ఇచ్చి, దగ్గర కూర్చోబెట్టుకుని అంతా నేర్పాడు. ఎందుకు చెప్పావని నేను ఉడుక్కుంటే, "దాచిపెట్టిన కొయ్యకే చెద పడతాది" అన్నాడు. పోయిన నెల దాకా ఎవరో ఒకరు ఆయన వాకిట్లో బండి నిలిపి కూర్చునే ఉన్నారు.

ఆయన్ను తలచుకుంటే నాకు బండి బాగయ్యాక మొదటిసారి ఆకు వేసుకుని ఏరు దాటిన పూటే కళ్ళముందుకు వస్తుంది. ఎండాకాలం. ఏట్లో నీళ్ళు లేవు, తడి ఇసుక గట్టిపడి ఉంది. మామ నా పక్కనే ఉన్నాడు. రైలుకు టైమవుతున్నా అవతలి ఒడ్డున బండి ఆపించాడు. దిగి, వెనక్కి చూస్తూ నిలబడ్డాడు. ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డు దాకా నాలుగు చక్రాలకు రెండే గీతలు. వెనక చక్రం ముందు చక్రం దారిని ఒక్క చోటా తప్పలేదు. మామ చేతులు వెనక్కి కట్టుకుని, ఆ గీతలను తొక్కకుండా పక్కపక్కనే నడుస్తూ, ఏట్లోకి దిగిపోయాడు.