టానిక్కు తాగిన ఎలుక

నా చిన్నప్పుడు కెలమంగలం సంతకు టానిక్కు అమ్మేవాడొకడు వచ్చేవాడు. మాసిన కోటు, నూనె కారే క్రాపు, నోరు తెరిస్తే అబద్ధం. వాడిని తలుచుకుంటే ఈ వయసులోనూ నాకు ఒళ్ళు మండుతుంది. రెండు బోనుల్లో రెండు తెల్ల ఎలుకల్ని పెట్టి చూపేవాడు. ఒకటి బొద్దుగా ఉండేది, రెండోది ఎముకల పోగు. బొద్దుది వాడి టానిక్కు తాగిందట, బక్కది తాగలేదట. అంతమాత్రానికే జనం నోళ్ళు వెళ్ళబెట్టుకుని చూసేవాళ్ళు.

ఆ వెర్రిజనంలో మా నాన్న కూడా ఒకడు. జ్వరంపడి లేచిన మా తమ్ముడు అప్పుడప్పుడే మేకపాలతో తేరుకుంటున్నాడు. ఆ పాలిచ్చే మేకనే అమ్మి సీసాలు కొంటానని నాన్న దాన్ని సంతకు తోలుకొచ్చాడు. అమ్మ ఏడ్చినా వినలేదు. తాడు నా చేతిలో ఉంది.

మాతో పక్కింటి అక్క కూడా వచ్చింది. హోసూరులో మందులు పరీక్షించే ల్యాబులో ఎలుకల్ని చూసుకునే పని ఆమెది. ఊళ్ళో వాళ్ళు ఎలుకలమ్మ అని వెక్కిరించేవాళ్ళు. ఆమెకూ పొగరు తక్కువేం కాదు.

"ఏమప్పా, రెండూ ఒకే ఈడువేనా? రెండిటికీ ఒకే మేతేనా?" అని టానిక్కువాణ్ణి అడిగింది.

వాడు ఇకిలించి, బొద్దు ఎలుకను తోక కొసన పట్టి పైకెత్తాడు. అది గిర్రున తిరిగి వేలు కొరికింది.

"అదేమన్నా గంటనా, తోక పట్టుకోని ఊపేదానికి? ఇట్లియ్యి!"

అక్క దాని వీపు మీదుగా చేయి వేసి భుజాల దగ్గర మెల్లగా పట్టుకుంది. రెండో చేతిని వెనకకాళ్ళ కింద ఆనించింది. ఎలుక కిక్కురుమనలేదు. దాని పొట్టను జనం వైపు తిప్పింది.

"టానిక్కూ లేదు, మన్నూ లేదు. ఇది చూలుది. రేపో మాపో పిల్లల్ని పెడతాది. ఆ బక్కది మగది, దాన్ని వీడు పస్తు పెట్టినాడు."

ఒక ముసలమ్మ పొట్ట మీద వేలు ఆనించి, "అవునమ్మా, లోపల కదల్తా ఉండాయి!" అంది. సంతంతా గొల్లున నవ్వింది. వాడు బోనులు సర్దుకుని బస్సు వైపు పరుగెత్తాడు. నాన్న ఎవరి మొహమూ చూడకుండా నా చేతిలోని తాడు తీసుకుని మేకను ఇంటిదారి పట్టించాడు.

దారిలో అక్క తన ల్యాబు పద్ధతి చెప్పింది. రెండు ఎలుకల్ని పోల్చాలంటే వయసు, మేత, ఆడామగా అన్నీ ఒకటే ఉండాలి, మందొక్కటే తేడా ఉండాలి.

ఆ కోటువాళ్ళు ఇప్పుడు టీవీలో దూరారు, సిగ్గులేని జన్మలు. ఎవడైనా బక్కదాన్నీ బొద్దుదాన్నీ పక్కపక్కన పెట్టి గొప్పలు పోతే, ఎత్తి పొట్ట చూద్దామని నా చేయి ఇప్పటికీ దానంతటదే ముందుకు పోతుంది.