మేనత్త ఉతుకుడు బండ

మొన్న మా వాషింగ్ మెషిన్ మొరాయించింది. గవర్నర్‌పేట నుంచి మెకానిక్ వచ్చేదాకా ఆగలేక దుప్పట్లు బాత్‌రూమ్ గచ్చు మీద వేసి బాదబోయాను. నడుం పట్టేసింది గానీ మురికి వదల్లేదు. హాల్లో కూర్చున్న మా మేనత్త ఆ చప్పుడు విని, "బండ లేకుండా ఉతుకుడేంటే అమ్మాయ్!" అని నవ్వింది. ఆవిడకి ఇప్పుడు చూపు లేదు. చెవులు మాత్రం ఇల్లంతా కాపలా కాస్తుంటాయి.

ఆవిడ బండ సంగతి చెప్పాలి. మేనత్త అత్తారిది దివిసీమ దారిలో ఒక ఊరు. ఆ ఊరి దిబ్బలో బౌద్ధుల కాలంనాటి రాతి పలకలు ఉండేవి. వాటి విలువ తెలియని రోజుల్లో ఊరివాళ్ళు తలా ఒకటి బండి మీద తెచ్చుకున్నారు. ఒకరింట్లో అది గుమ్మం ముందు మెట్టు, ఇంకొకరింట్లో కుడితి తొట్టి కింద ఆనుడు రాయి. మేనత్త మామగారు తెచ్చిన పలకకి ఒకవైపు బొమ్మలున్నాయట. బొమ్మల మీద ఉతికితే బట్టలు చిరుగుతాయని ఆయన దాన్ని బోరింగు పక్కన బోర్లా వేయించారు. ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీరలు మేనత్త దాని మీదే ఉతికేది, కోతల రోజుల్లో కొడవలి దాని అంచుకే నూరేది. మ్యూజియం వాళ్ళు వచ్చి అడిగినప్పుడు ఇవ్వనని దాని మీదే కూర్చుందట. వేరే బండ తెచ్చి వేశాకే లేచింది. లారీ ఎక్కించేటప్పుడు దాని కింది వైపు బురద తప్ప ఏమీ కనిపించలేదు.

చాలా ఏళ్ళ తర్వాత, విజయవాడలో కళ్ళ డాక్టరు నీటికాసులు ముదిరాయనీ, ఉన్న చూపు ఎంతోకాలం నిలవదనీ చెప్పారు. ఆవిడ ఆస్పత్రి మెట్లు దిగుతూనే, "ఇన్నేళ్ళూ దాని వీపు మీదే బాదాను. కళ్ళు పోయేలోపు మొహం చూడాలి" అంది. సరేనని, అత్తారి ఊళ్ళోనే ఉన్న ఆ మ్యూజియానికి బయల్దేరదీశాను. తీరా వెళితే, ఆ రోజు మ్యూజియానికి సెలవు. నేను బస్టాండు వైపు తిరిగాను, ఆవిడ తిరగలేదు. "రేపు తీస్తారుగా" అంటూ రాత్రి ఉండటానికి ఆ ఊరి పాస్టరుగారింటికి దారి తీసింది.

మర్నాడు తలుపులు తీసేసరికి గుమ్మంలో ఉన్నాం. రెండు గదుల చిన్న మ్యూజియం. మామగారి పేరు చెబితే కాపలా ఆయన చూపించిన పలక మీద జీను కట్టిన గుర్రం, పక్కన చేతులు జోడించిన మనిషి. మేనత్త అడ్డంగా కట్టిన తాడు మీదుగా ఒంగి, కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది. "ఇది మనది కాదే" అంది. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది. అది ఆ బండేనని కాపలా ఆయనా నేనూ ఎంత చెప్పినా నమ్మలేదు. పలకకీ గోడకీ మధ్య కాస్త సందుంది. ఆవిడ చెయ్యి అటు వెళ్ళింది.

"చెయ్యి తగలకూడదండి మామ్మగారూ, నా ఉద్యోగం పోద్ది!"

"నీ ఉద్యోగం పోనివ్వను బాబూ. మీ పెద్దోళ్ళని పిలువు. నా చెయ్యి వాళ్ళే పట్టుకుని పెట్టమను."

లోపలి గదిలోంచి ఆఫీసరమ్మగారు వచ్చారు. కథంతా విని కాసేపు తటపటాయించి, మేనత్త ఉంగరం తీయించి, చేతికి బట్ట తొడుగు వేసి, మణికట్టు పట్టుకుని వేళ్ళను సందులోకి పోనిచ్చారు. వేళ్ళు అంచు వెంబడి మెల్లగా జరిగాయి, ఒకచోట ఆగాయి. "ఇదిగో, కొడవలి నూరిన గాడి! మనదేనే అమ్మాయ్!" అని పసిపిల్లలా అరిచింది. అప్పుడు మళ్ళీ ముందుకొచ్చి, గుర్రాన్నీ మనిషినీ తీరిగ్గా చూసి, "ఇంత అందగాణ్ణి బురదలో బోర్లా పడేసి, పైనుంచి బాదానా?" అని పకపకా నవ్వింది. ఆఫీసరమ్మగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

మరుసటి వేసవికి చూపు పూర్తిగా పోయింది. ఇప్పుడు కూడా ఆ గుర్రం జీను ఎలా ఉందో అడిగితే, కుట్టు కుట్టు వర్ణిస్తుంది. ఆ రాతికి ముందువైపు చెక్కినవాడి పేరు కాలం ఎప్పుడో మింగేసింది. వెనకవైపు గాడి ఎవరిదో చెప్పడానికి ఇంకా నేనున్నాను.