కత్తిరించిన కాగితం మీద నక్ష

"నక్షల అంకె లేకపోతే స్కేలు పెట్టి కొలవాలె. ముప్పై ఏండ్ల సంది గదే చేస్తున్న. నాది తప్పెట్లయితది?"

"గది నువ్వు చేత్తోని గీసిన నక్షకు, నాయినా. కంప్యూటర్ల కెళ్లి తీసిన కాగితం మీద స్కేలు పెడ్తరా ఎవరన్న? కాగితం చిన్నగైతే నక్ష గూడ చిన్నగైతది."

"మరి అంకె ఎందుకు రాయలే?"

"మర్చిపోయిన. గా ఒక్కటే మర్చిపోయిన. పగటి బువ్వకు ఇంటికొచ్చినవ్ గదా, నా పక్కనే కూసొని తిన్నవ్. 'బిడ్డా, గీడ అంకె లేదు' అంటే నీ నోట్ల కెళ్లి ముత్యాలు రాలుతుండెనా?"

తాండూరులో మా ముందు గదిలో మా ఆయన, నా బిడ్డ అలా అరుచుకుంటుంటే నేను పొయ్యి దగ్గర కూర్చుని రొట్టెలు చేస్తున్నాను. నాపరాయి కోసే మిషన్లు తయారుచేసే షెడ్డులో మా ఆయన పని. నక్ష, అంటే మిషను కొలతల బొమ్మ, చూసి ఇనుప పలకల మీద గుర్తులు పెట్టేవాడు. ఆ గుర్తుల మీదే రంధ్రాలు వేస్తారు. ఆ రోజు పన్నెండు పలకల్లో రంధ్రాలు దగ్గరగా పడ్డాయి. ఇరుసు కూర్చోలేదు. నక్ష గీసింది నా బిడ్డ; రెండు రంధ్రాల మధ్య దూరం అంకె అందులో లేదు. "తప్పెవరిదో రేపు పొద్దుగాల చెప్పుండ్రి. గా మనిషితోని నాకు ఇగ పని లేదు" అన్నాడట షెడ్డు యజమాని సేటు.

ఒకప్పుడు ఆ షెడ్డుకు నక్షలు గీసింది మా ఆయనే. మంచమంత బల్ల ముందు రోజంతా నిలబడి ముందు పెన్సిలుతో గీసేవాడు. దానిపైన గంజి పెట్టిన పల్చటి గుడ్డ పరిచి, మళ్లీ సిరాతో దిద్దేవాడు. గీత తప్పితే బ్లేడుతో గీకాలి. పాడైన గుడ్డను ఇంటికి తెచ్చేవాడు. వేడినీళ్లలో నానబెడితే గంజి పోయి మెత్తబడేది. నా బిడ్డకు పుట్టినప్పుడు వేసిన జుబ్బాలు ఆ గుడ్డతో కుట్టినవే. తర్వాత గుడ్డ పోయి, కింది గీతలు కనబడే పల్చటి కాగితం వచ్చింది. నకళ్లు తీసే మందు ఘాటుకు ఆయన చొక్కా ఉతికేటప్పుడు నా కళ్లు మండేవి. నాలుగో తరగతితో బడి మానినదాన్ని. అయినా గీత లావు చూసి ఏది వస్తువు అంచో, ఏది లోపల దాగిందో చెప్పగలిగేదాన్ని.

సేటు ఎక్కడో చూసొచ్చి ఇక కంప్యూటర్ నక్షలే కావాలన్నాడు. నా బిడ్డ పొద్దుటి రైలుకు వికారాబాద్ పోయి నేర్చుకుంది. మొదట్లో నల్లటి తెర మీద తెల్లగీతలు, ఒక్కొక్క గీతకూ మాట టైపు చేయాలి. చెరిపితే మచ్చయినా మిగలదు. వాళ్ల నాయనకు వారం పట్టే పని ఆమె రెండు పూటల్లో చేసేది. రానురాను అదీ మారిపోయింది. ఇప్పుడు గీతలు కాదు, మిషనే తెర మీద నిలబడుతుంది. దాన్ని తిప్పి, నిలువునా కోసి లోపల చూపిస్తుంది. ఒక పలక మందం మారిస్తే దానికి తగిలే పలకలన్నీ వాటంతటవే సర్దుకుంటాయి.

కంప్యూటర్ వచ్చిన ఏడాదే సేటు బల్లను అమ్మేసి, మా ఆయనను గుర్తులు పెట్టే పనిలోకి మార్చాడు. అప్పటి నుంచి ఆయన బిడ్డను పని సంగతి అడగడం మానేశాడు.

బిడ్డ ఇంట్లోనే గీసి ఇచ్చేది. కాగితం మాది. ఒక పక్క తెల్లగా ఉన్న పాత కాగితాలను నేను పారేయనిచ్చేదాన్ని కాదు. చిరిగిన అంచులు కత్తెరతో సమంగా కత్తిరించి, వీటి మీదే తియ్యమనేదాన్ని. నక్ష పట్టకపోతే ప్రింటరు దాన్ని కాస్త కుదిస్తుందని నాకు తెలియదు. బిడ్డకు తెలుసు. అంకెలు ఉన్నాయి కదా అనుకుంది. కుదించింది కొంచెమే కాబట్టి ఆయన కంటికి ఆనలేదు.

"అమ్మ గా అంచులు కత్తిరియ్యకపోయి ఉంటే గిదంత కాకపోతుండె" అంది బిడ్డ.

మా ఆయన నా వైపు తిరిగాడు.

"దుబారా చెయ్యొద్దన్న. తండ్రి, బిడ్డ మాట్లాడుకోవద్దని అన్ననా?" అన్నాను. నా కత్తెర తప్పును అప్పుడు ఒప్పుకోలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

"ఇగ చాలు. రేపు పోయి నువ్వే ఒప్పుకో" అన్నాను ఆయనతో.

"నేనా?"

"నువ్వే. పిల్ల పేరు చెడితే మల్ల నక్షల పనెవరిస్తరు? నిన్ను ఎట్లైన తీసేస్తరు. ఇయ్యాల గాకుంటే రేపు."

"గట్లంటవేందే అమ్మా? నేనే పోయి చెప్త" అంది బిడ్డ.

"నువ్వు నోరు మూస్కో."

ఆయన తుంచిన రొట్టెను పళ్లెంలో పెట్టేశాడు. "సరే" అన్నాడు. నేను అన్నదాంట్లో అబద్ధం లేదు. కాని తీసేస్తారన్న మాట ఆయనతో సేటు అనవలసింది, నేను కాదు.

మర్నాడు పొద్దున ఏడింటికే ఆయన షెడ్డుకు వెళ్లాడు. బిడ్డ వెనకాలే బయల్దేరితే నేను తలుపుకు అడ్డంగా నిలబడి పోనివ్వలేదు. కొలత తప్పింది తనవల్లేనని ఆయన సేటుతో చెప్పాడట. ఇక రావద్దన్నాడట సేటు. మా ఆయన తొమ్మిదింటికి ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని మంచం మీద కూర్చున్నాడు. పదింటికి సేటు మనిషి వచ్చి, సరిచేసిన నక్ష సాయంత్రానికి కావాలని బిడ్డతో చెప్పిపోయాడు.