ఆషాఢంలో అత్తగారింటి కమోడ్

ఉద్యోగం కొత్త, పెళ్లి కొత్త, మోటారు సైకిలు ఒక్కటే పాతది అయిన ఆ రోజుల్లో, నాకు చేతకాని పని ఒకటి ఉంటుందన్న అనుమానమే నాకు వచ్చేది కాదు. "ఇది నీకు వచ్చా?" అని ఎవరైనా అడగడం పూర్తయ్యేలోపే "ఓ, వచ్చు" అనేసేవాణ్ని. ఆ పనేమిటో తర్వాత కనుక్కునేవాణ్ని. అప్పుడు నేను తిరుపతిలో టైల్సూ, బాత్రూం సామాన్లూ అమ్మే ఒక షాపులో బిల్లులు కొట్టేవాణ్ని. షాపు నిండా కమోడ్లు వరసలు కట్టి తెల్లగా మెరుస్తుండేవి. దేని ధర ఎంతో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. వాటిలోకి నీళ్లు ఎటు నుంచి వస్తాయో, ఎటు పోతాయో మాత్రం నాకు తెలియదు. షాపులో వాటికి నీళ్ల కనెక్షన్ ఉండదు కదా (ఒక కస్టమరు గారి చిన్నకొడుకు ఈ సంగతి గమనించక ఒకసారి పని కానిచ్చేశాడు, అది వేరే కథ).

మా అత్తగారి ఊరు పాకాలలో ఈ తేడాలేవీ ఎవరికీ పట్టవు. "మా అల్లుడు బాత్రూముల పనిలో పెద్ద చెయ్యి" అని మా మామగారు ఊరంతా చెప్పుకున్నారు. నేనూ కాదనలేదు. ఆయన మామిడితోట ఉన్న రైతు. నిలువెత్తు మనిషి, నిండు మీసాల మనిషి, ఒకరి చెయ్యి పట్టుకుని నడిచే రకం కాదు. మా పెళ్లికి ముందు ఇంట్లో కొత్త బాత్రూం కట్టించి, టైల్సూ కమోడూ మా షాపు నుంచే తెప్పించుకున్నారు. ఆ నేల టైల్సంటే ఆయనకు ప్రాణం. వచ్చినవాళ్లను బాత్రూం దాకా తీసుకెళ్లి, భుజం మీది తువ్వాలుతో టైలు తుడిచి, "వొంగి సూడప్పా, మొగం కనిపిస్తాది" అని చూపించేవారు. కమోడ్ బిగించే రోజున మేస్త్రీ డ్రిల్లు మిషను బయటికి తీస్తూ, "టైలుకు రెండు బొక్కలు కొట్టల్ల సామీ, లేకుంటే స్క్రూలు యాడ పట్టేది" అన్నాడట. మామగారికి ఎక్కడలేని కోపం వచ్చింది. "మొగం కనిపించే టైలుకు బొక్క కొడ్తావా? ముందు నీ మొగానికి కొడ్తా సూడు!" అన్నారట. మేస్త్రీ జడుసుకుని, కమోడ్ అడుగున ఇంత తెల్ల సిమెంటు పూసి, దేవుడి మీద భారం వేసి వెళ్లిపోయాడు.

ఆ భారం దేవుడు మా పెళ్లి దాకా మోశాడు. పెళ్లికి మద్రాసు నుంచి వచ్చిన మా ఆవిడ మేనమామ (మంచి మనిషే, కాకపోతే బాగా భారీ మనిషి) ఒకసారి కూర్చుని లేచేసరికి సిమెంటు చిట్లిపోయింది. అప్పటి నుంచి ఆ కమోడ్ కాలు విరిగిన పీటలా ఊగడం, నీళ్లు వదిలినప్పుడల్లా అడుగు నుంచి టైల్స్ మీదికి కారడం మొదలైంది. ఇంట్లోవాళ్లకు పెరట్లో పాత మరుగుదొడ్డి ఉండనే ఉంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. చుట్టాల కోసం కట్టించింది, చుట్టాలు వచ్చినప్పుడు చూసుకుందాం అనుకున్నారు. చుట్టాలు రాలేదు కానీ మామగారికి మోకాలి నొప్పి వచ్చింది.

తిరుపతి ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు. ఇకమీదట కింద కూర్చోకూడదు, కమోడ్ తప్పనిసరి, ఎక్కడా జారకూడదు, పడకూడదు అని డాక్టరు గట్టిగా చెప్పారు. ఎల్లుండి ఇంటికి పంపిస్తామన్న రోజున మా అత్తగారు ఫోన్ చేశారు. ఊళ్లో పైపుల పని తెలిసినవాళ్లు ఉన్నది ఇద్దరే, ఇద్దరూ ఆడికృత్తిక పండగ మొక్కుకు కావడి ఎత్తుకుని తిరుత్తణి గుడికి వెళ్లిపోయారట. "ఆయన దాంట్లో కూసుంటే పడిపోతాడప్పా, కుట్లు ఇంకా పచ్చిగా ఉండాయి. ఈ పని తెలిసినోళ్లు మీరొక్కరే. కానీ ఆషాఢం గదా, మీరు మా గడప తొక్కకూడదు. ఏం జేసేదో దిక్కు తెలీల్యా" అన్నారావిడ.

ఆషాఢం. అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడని నెల, కొత్తపెళ్లికూతురు పుట్టింట్లో ఉండే నెల. అంటే మా ఆవిడ పాకాలలో, నేను తిరుపతిలో. గోడ మీది క్యాలెండరు వైపు నేను చూసే చూపుకు ఆ క్యాలెండరు మాడిపోవాలి. అందుకే నిజం చెప్తున్నాను, ఆ ఫోను రాగానే నాకు ముందు కనిపించింది కమోడ్ కాదు, మామగారి మోకాలూ కాదు. "గడప తొక్కకుండా వస్తానత్తా" అన్నాను. ఎలా వస్తానో నాకే తెలియదు. షాపులో డ్రిల్లు మిషను అడిగి తీసుకున్నాను. తెల్ల సిమెంటు, స్క్రూలు, పైపు మూతికి వేసే రబ్బరు రింగు సంచిలో వేసుకున్నాను. బస్సులో పాకాల చేరేదాకా ఫోనులో కమోడ్ బిగించే వీడియో ఒకటి చూశాను. అందులో మనిషి హిందీలో చెబుతున్నాడు. నాకు హిందీ రాదు, కానీ చేతులకు భాషేముంది అనుకున్నాను.

వాకిట్లో అత్తగారు నన్ను చూసి నాలుగడుగులు దూరం జరిగి నిలబడ్డారు. అప్పటికే ఆవిడ బాగా ఆలోచించి పెట్టుకున్నట్టున్నారు. "ముందర గడపకు పసుపు పూస్తాము, ఎనక గడపకు పసుపు పూస్తాము. బాత్రూం కిటికీకి యాడ పూస్తాము? పూసేది ల్యా. అంటే అది గడప గాదు. మీరు ఆడ నుంచి లోపలికి దిగండి. మీరు లోపల ఉన్నంతసేపు నేను ఇంట్లోకి రాను, ఈడనే వాకిట్లో కూసుంటా" అన్నారు. ఏ పురోహితుణ్ని అడిగినా ఇంతకంటే మంచి దారి చెప్పేవాడు కాదని నా నమ్మకం. కిటికీ అద్దాలు ఊడదీసి, స్టూలు ఎక్కి, తల ముందా కాళ్లు ముందా అని కాసేపు తర్జనభర్జన పడి, చివరికి నడుము దగ్గర ఇరుక్కుని, అటుపక్క నుంచి ఎవరో చేతులు పట్టి లాగితే లోపల పడ్డాను. లాగింది మా ఆవిడే. ఎన్నాళ్లకో చూస్తున్న ఆ ముఖం నావైపు వంగి, "చెప్పులు బయట ఇడిసి రావల్ల గదా, నాయన టైలు మాసిపోతాది" అంది.

ముందు నీళ్లు ఆపే కుళాయి వెతికి తిప్పాను. నీళ్లు ఆగాయి. అది చూసి మా ఆవిడ కంటే నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను. స్క్రూలకు ఉన్న కన్నాల్లోంచి పెన్సిలుతో టైలు మీద గుర్తులు పెట్టాను. చిట్లిన సిమెంటు ఉలితో రాల్చాను. ఇక కమోడ్‌ను పైకి లేపాలి. ఆ ఇరుకులో ఒక పక్క నేను నిలబడితే రెండో పక్క గోడ, గోడకు కిటికీ. మా ఆవిడకు నిలబడే చోటే లేదు. వాకిట్లోంచి అంతా వింటున్న అత్తగారు చప్పుడు చేయకుండా లేచి వచ్చి, కిటికీ బయట స్టూలెక్కి, పాత నూలుచీర ఒకటి లోపలికి వదిలారు. "దీన్ని దాని నడుముకు కట్టండప్పా, నేను ఈడ నుంచి లాగతా." మా ఆవిడ కంగారుపడి, "అమ్మా, ఆషాఢం!" అంది. "నేను యాడొచ్చినా? చేతులు గదా లోపలుండేది. చేతులకు ఆషాఢం ల్యా, నువ్వు ముయ్" అన్నారు అత్తగారు. ఆవిడ బావిలోంచి చేద లాగినట్టు అటు లాగారు, నేను ఇటు ఎత్తాను. కమోడ్ లేచింది. దాని కింద నుంచి వచ్చిన వాసన గురించి రాయను, మీరు భోజనానికి కూర్చోబోతున్నారేమో.

అసలు గండం టైలుకు బొక్కలు కొట్టడం. నున్నటి టైలు మీద డ్రిల్లు మొన నిలవదు. ఆన్ చేయగానే అది గుర్తు మీద తప్ప మిగతా అన్ని చోట్లా నాట్యం చేసింది. ఇంకొంచెం గట్టిగా నొక్కితే టైలు పగులుతుంది. పగిలితే మామగారి ముఖం చూడలేను, వదిలేస్తే ఆయన పడతారు. చెమటలు కారుతూ నేను నిలబడితే, మా ఆవిడ తన నుదుటి మీది స్టిక్కరు బొట్టు తీసి గుర్తు మీద అంటించింది. "దీని మీద పెట్టి సూడు, జారదు." మొన బొట్టులో దిగబడి అక్కడే నిలిచింది. మెల్లగా తిప్పాను. సరిగ్గా అప్పుడే ఆస్పత్రి నుంచి మామగారి ఫోన్. మా ఆవిడ స్పీకరు పెట్టింది, నేను డ్రిల్లు ఆపడం మరిచిపోయాను. "ఏందమ్మా ఆ సబ్దం?" అన్నారు మామగారు. "మిక్సీ నాయనా. అమ్మ కారెంపొడి కొడ్తా ఉండాది." "వాకిట్లో కూసోని మిక్సీ వేసేదేంది, మీయమ్మ వాకిట్లో ఉండానని ఇప్పుడే ఫోన్లో చెప్పె గదా!" మా ఆవిడ ఫోన్ కట్ చేసింది. టైలు వైపు చూశాను. గుండ్రంగా ఒక చక్కటి బొక్క, చుట్టూ ఎర్రటి పొడి. ఎక్కడా చిన్న పగులు కూడా లేదు. నేను గోడకు ఆనుకుని ఊపిరి వదిలాను. రెండో బొక్కకు ఆవిడ అద్దం వెనకాల అంటించి దాచుకున్న ఇంకో బొట్టు తెచ్చింది.

పైపు మూతికి కొత్త రబ్బరు రింగు వేసి, మళ్లీ అత్తగారు అటు చీర పట్టుకోగా, కమోడ్‌ను దాని చోట్లో దించి స్క్రూలు బిగించాను. ఊపి చూశాను. కదల్లేదు. కారుతుందో లేదో తేలడానికి అత్తగారు కిటికీలోంచి నీలిమందు అందించారు. ఫ్లష్ తొట్టిలో కలిపి, కమోడ్ అడుగున చుట్టూ పాత పేపర్లు పరిచి, కుళాయి తిప్పి నీళ్లు వదిలాను. నీళ్లు నీలంగా సుడి తిరిగి వెళ్లిపోయాయి. ముగ్గురం పేపర్ల మీదే చూపు పెట్టాం, ఒకరు కిటికీ బయటి నుంచి. ఒక్క నీలం చుక్క లేదు. మళ్లీ వదిలాను, మళ్లీ లేదు. "కొండ మీది సామే కాపాడినాడు" అని అత్తగారు స్టూలు మీద నుంచే దణ్ణం పెట్టారు. చుట్టూ తెల్ల సిమెంటు వేలితో నున్నగా దిద్ది, రేపు సాయంత్రం దాకా ఎవరూ తాకకూడదని చెప్పి, వచ్చిన దారిన కిటికీలోంచి బయటపడ్డాను. మా ఆవిడతో నేను మాట్లాడిన మొత్తం మాటలు "పానా ఇవ్వు", "పేపరు జరుపు", "పక్కకు తప్పుకో" మాత్రమేనని బస్సెక్కాక గుర్తొచ్చింది.

మర్నాడంతా సిమెంటు ఆరింది. ఆ మరుసటి రోజు మామగారిని కారులో ఇంటికి తీసుకొచ్చాను. వాకర్ పట్టుకుని ఆయన గడప దాటారు. నేను దాటకూడదు కాబట్టి ఇల్లు చుట్టి వెళ్లి బాత్రూం కిటికీ కింద నిలబడ్డాను. లోపల వాకర్ చప్పుడు దగ్గరైంది, తలుపు మూసుకుంది, తర్వాత అంతా నిశ్శబ్దం. స్క్రూలు ఊడొచ్చినట్టూ, ఆయన పడినట్టూ, పాకాల ఊరంతా నన్ను వేలెత్తి చూపినట్టూ ఆ కాసేపట్లోనే అన్నీ ఊహించేసుకున్నాను.

"ఏమప్పా, ఆడనే ఉండావా?" అని లోపలి నుంచి వినిపించింది.

"ఉండాను మామా."

"టైలుకు బొక్కలు కొట్టినట్టుండావే."

"రెండే మామా. పగల్లేదు."

లోపల ఆయన అటూ ఇటూ ఒరిగి చూస్తున్న చప్పుడు. "ఈ పక్కకు వొరిగితే కదల్ల్యా, ఆ పక్కకు వొరిగితే కదల్ల్యా. బండ మాదిరి ఉండాది" అన్నారు. గొంతు తగ్గించి, "నీకొక మాట చెప్తా, మీయత్తతో అనొద్దు. ఆపరేషనప్పుడు గూడా నాకు బయం ల్యా. ఈ కమోడ్‌ను తల్చుకోనే బయం. నేను పడితే మీయత్త లేపల్ల, మీయత్తే కడగల్ల. ఆ బయానికే ఆస్పత్రిలో కూడు సగం వొదిలేస్తా ఉంటి. తినకుంటే ఈడికొచ్చే పనుండదు గదా అని" అన్నారు.

"అనను మామా" అన్నాను. ఇంతలో లోపల నీళ్లు వదిలిన చప్పుడు, వాకర్ చప్పుడు, తలుపు తీసిన చప్పుడు. తర్వాత ఆ ఇంట్లో చాలా రోజులుగా వినబడని ఆయన పాత గొంతు వంటింటి వైపు గట్టిగా వినిపించింది. "ఏమే! ఏం వొండినావు? బిన్నా పెట్టు, తడవు చెయ్యొద్దు, ఆకలయితా ఉండాది!"

నాకు ఆకు వాకిట్లో వేశారు. గోడకు అటు ఆయన, ఇటు నేను. లోపల ఆయన మళ్లీ అన్నం వేయమనడం, పప్పు ఇంకొంచెమనడం, అత్తగారు "మెల్లగా తినప్పా, ఎవరూ తరమల్యా" అని నవ్వుతూ కసరడం వింటూ, గోళ్లలో ఇంకా వదలని తెల్ల సిమెంటుతో నేను ముద్దలు కలుపుకున్నాను. ఆ తర్వాత జీవితంలో జీతాలు పెరిగాయి, కుర్చీలు మారాయి, సొంతిల్లు కూడా కట్టుకున్నాను. గృహప్రవేశం రోజున మెడలో దండ వేసుకుని ఫోటో దిగినప్పుడు కూడా, వాకిట్లో కూర్చున్న ఆ కుర్రాడంత గొప్పవాణ్నని నేను అనుకోలేకపోయాను. గోడ అవతల పెద్దాయన ఇంకో ముద్ద అడిగిన ప్రతిసారీ వాడు తనలో తాను మురిసిపోతూ మీసం తడుముకున్నాడు. అప్పటికింకా వాడికి సరిగ్గా మీసమే లేదు.