కూర్చోవడం నేర్చుకున్న గంట మామయ్య

ఆ బళ్ళో గంట అంటే నిజానికి గంట కాదు. మెట్ల పక్కన దూలానికి వేలాడదీసిన రైలు పట్టా ముక్క. దాన్ని ఇరవై ఆరేళ్ళుగా ఒకే సుత్తితో ఒకే మనిషి కొడుతున్నాడు. ఆయన అసలు పేరు హాజరు పట్టీలో ఎక్కడో ఉంది గానీ, ఒకటో తరగతి పిల్లల నుంచి హెడ్మాస్టరు దాకా అందరికీ ఆయన గంట మామయ్యే. చేతికి వాచీ లేదు. వరండాలో ఎండ మూడో స్తంభాన్ని తాకితే ఇంటర్వెల్, గోడమీది పగులు దాకా వస్తే మధ్యాహ్నం సెలవు. మబ్బు పట్టిన రోజున ఆకలిని బట్టి కొట్టేవాడు. హెడ్మాస్టరుగారు ఆ గంట వినే తన వాచీ సరిచేసుకునేవారు.

ఇన్ని వేల పీరియడ్లు మొదలుపెట్టి ముగించిన మనిషి, తన పదో తరగతి మాత్రం ముగించుకోలేదు. పదిహేనో ఏట తండ్రి పోతే చదువు సగంలో ఆగిపోయింది. దాని గురించి ఆయన దిగులుపడిందీ లేదు, మోకాలు గుర్తుచేసేదాకా.

బడి మూడంతస్తులు. సర్క్యులర్ పుస్తకం పట్టుకుని ప్రతి తరగతికీ తిరిగి సంతకాలు పెట్టించుకు రావాలి. ఎముకల డాక్టరు కాలు అటూ ఇటూ వంచి, "మెట్లు మానెయ్యి, లేకపోతే రెండేళ్ళలో మెట్లే నిన్ను మానేస్తాయి" అన్నాడు. అదే సమయానికి కింద గదిలో రికార్డు అసిస్టెంటు పదవీ విరమణకు సిద్ధంగా ఉన్నాడు. ఆ ఉద్యోగానికి ఒక బల్ల, వీపు ఉన్న కుర్చీ, కిటికీ ఉన్నాయి. హెడ్మాస్టరుగారు మంచి మనసుతో పై ఆఫీసుకు రాశారు. ఇవ్వొచ్చుగానీ పదో తరగతి ప్యాసై ఉండాలి, ఏడాది గడువు ఇస్తున్నాం, ఆలోగా కాకపోతే బయటి మనిషిని వేస్తామని జవాబు వచ్చింది. ఏడాదిలో పరీక్షలు రెండుసార్లే. మామయ్య ప్రైవేటుగా కట్టాడు.

ఈ వార్త వినగానే భార్య అన్నయ్య ఊపిరాడకుండా వచ్చేశాడు. ఆయనకి అచ్చాఫీసులో పని. తనూ పదో తరగతి గట్టెక్కినవాడు కాదు కాబట్టి, ఎలా చదవాలన్నది ఆయనకి బాగా తెలుసు.

"బావా, ప్లాను లేని చదువు చదువే కాదు. నువ్వు ఏ ఆలోచనా పెట్టుకోకు. అంతా నేను చూసుకుంటాను."

మూడు వారాలు చూసుకున్నాడు. నాలుగో వారం దళసరి అట్టమీద, చుట్టూ పూలతీగతో, రెండు రంగుల్లో అచ్చేసిన టైంటేబుల్ తెచ్చాడు. దాన్ని చూసినవాళ్ళెవరైనా ముందు ముహూర్తం ఎప్పుడని వెతుక్కుంటారు. రోజుకు ఎనిమిది పీరియడ్లు. డ్యూటీకి ముందు నాలుగు, వచ్చాక నాలుగు. నిద్రకు కూడా ఒక గడి ఉంది, సన్నది. ఏడో పీరియడ్ ఆటలు.

"ఆటలెందుకు బావా?" అన్నాడు మామయ్య.

"మెదడు అలిసిపోకుండా! అంతా ఆలోచించే వేశాను."

ఆటల పీరియడ్‌ని లెక్కల టీచర్లు లాగేసుకోవడం మామయ్య ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నాడు. మొదటిరోజే ఆయన కూడా దాన్ని లెక్కలకి ఇచ్చేసుకున్నాడు.

పదిరోజులకు కళ్ళు ఎర్రబడ్డాయి. నెలకు అన్నం ముందు కూర్చుని ఏం చెయ్యాలో మర్చిపోయేవాడు. పరీక్షల రోజుల్లో కళ్ళు తిరిగి పడిపోయిన పిల్లలకి మంచినీళ్ళు పట్టి, "ఇంత రాచిరంపాన పెట్టుకుంటారా నాన్నా చదువు కోసం" అని వీపు నిమిరిన చెయ్యి ఆయనది. ఇప్పుడా చేత్తోనే తన మొహాన నీళ్ళు చల్లుకుని ఎనిమిదో పీరియడ్ చదువుతున్నాడు.

ఇంగ్లీషు పరీక్షలో ప్రశ్నపత్రం చూశాడు, అన్నీ తెలిసినవే. ఆ సంతోషంలో ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. గంటంబావు తర్వాత పర్యవేక్షణకి వచ్చిన మాస్టారు జాలిపడి లేపాడు.

లెక్కల పరీక్షలో జరిగింది మాత్రం ఆయనకి తప్ప ఇంకెవరికీ జరగదు. పరీక్ష ఇంకో బళ్ళో. అక్కడా రైలు పట్టాయే, అక్కడా ఒక అటెండరు. అరగంటకోసారి ఒక దెబ్బ కొట్టాలి. పదకొండుకి కొట్టాల్సిన దెబ్బ పడలేదు. మామయ్య చేతిలో లెక్క సగంలో ఉంది. కిటికీలోంచి పడ్డ ఎండ బల్ల అంచు దాటింది. ఇంకా పడలేదు. అంతే, ఆయన పెన్ను చెవి మీద పెట్టుకుని లేచాడు. ఎంత ధీమాగా నడిచాడంటే, గుమ్మంలో ఉన్న మాస్టారు ఈ బడి అటెండరే అనుకుని పక్కకి తప్పుకుని దారి కూడా ఇచ్చాడు. మామయ్య వరండా చివరికి వెళ్ళి, సుత్తి అందుకుని, ఒక్కటి కొట్టాడు. ఖంగుమని, నిక్కచ్చిగా.

మోత ఆగేలోపే తనెక్కడున్నాడో గుర్తొచ్చింది. గది దాటిన అభ్యర్థిని మళ్ళీ లోపలికి రానివ్వరు. హాల్ టికెట్ వెనకాల లావుపాటి అక్షరాల్లో రాసి ఉంది.

ఫలితాలు వచ్చాయి. మూడు సబ్జెక్టులు గట్టెక్కాయి. ఇంగ్లీషులో ఇరవై ఎనిమిది, లెక్కల్లో పంతొమ్మిది. ప్యాసుకి ముప్ఫై ఐదు కావాలి. ఇక మిగిలింది ఒక్క అవకాశం.

"ఏం బాధలేదు బావా. ఈసారి పది పీరియడ్లతో వేద్దాం. మూడు రంగుల్లో" అన్నాడు అచ్చాఫీసాయన.

మామయ్య భార్య ఇంట్లోనే చొక్కాలకి కాజాలు కుడుతుంది. టైలరు దుకాణం నుంచి కట్టలు వస్తాయి. బొత్తాం పట్టే చీలిక చుట్టూ దారం అల్లడం చూడ్డానికి చిన్న పనేగానీ, ఒక్క పోగు తప్పితే చొక్కా అంతా వెక్కిరిస్తుంది. అన్నయ్య మాట విని ఆవిడ సూది ఆపింది.

"అన్నయ్యా, నీ అట్ట చాలా బాగుంది. ఎసరు మీద మూతకి సరిగ్గా సరిపోతోంది. ఇంకోటి వద్దు."

ఆయన వెళ్ళాక మొగుడివైపు తిరిగింది. "నేను పది చొక్కాలకోసారి తలెత్తి గోడవతలకి చూస్తాను. ఎందుకో ఎప్పుడైనా అడిగారా?"

"ఎవరైనా వస్తున్నారేమో అని."

"పదకొండో చొక్కా కాజా వంకరపోకుండా. దేవుడు రెప్పలిచ్చింది అప్పుడప్పుడు వాల్చుకోమని. రేపటినుంచి గంట నాది. నేను కొడితే మొదలు, నేను కొడితే ఆపడం."

ఆవిడ ప్లాను ఏ అట్టమీదా రాయలేదు. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. మధ్యలో ఆవిడ పది కాజాలు పూర్తయినప్పుడల్లా కత్తెరతో స్టీలు గ్లాసు మీద టింగుమని కొడుతుంది. అప్పుడు పుస్తకం మూసి, గేటు దాకా నడిచి, దూరంగా ఏదో ఒకటి చూసి రావాలి. పరీక్ష మాట ఎత్తకూడదు. ఆదివారం పుస్తకం బీరువాలో.

"ఇలా అయితే ఎప్పటికి పూర్తవుతుందే?" అని లబలబలాడాడు మామయ్య.

"మీ బడికి ఆదివారం లేదా? పిల్లలు ప్యాసవడం లేదా?"

విశ్రాంతి ఆయనకి చదువుకన్నా కష్టమైపోయింది. గేటు దగ్గర నిలబడి దొంగతనం చేస్తున్నవాడిలా దిక్కులు చూసేవాడు. ఒకరోజు మరీ అంత శ్రద్ధగా అరచేతిలోకి చూసుకుంటుంటే ఆవిడ వెళ్ళి వేళ్ళు విప్పింది. లోపల సూత్రాలు, నీలి సిరాతో.

"చెయ్యి కడుక్కుని రండి" అంది, అన్నం తినబోయే పిల్లాడితో చెప్పినట్టు.

బళ్ళో లెక్కల టీచరమ్మ మధ్యాహ్నం సెలవులో పది నిమిషాలు కూర్చోబెట్టేది. పది నిమిషాల్లో ఒకే ఒక్క లెక్క. రెండోది అడిగితే, "మామయ్యా, దీన్ని ఇంటికి తీసుకెళ్ళి దీంతో కాస్త స్నేహం చెయ్యండి. రేపు ఇంకొకర్ని పరిచయం చేస్తాను" అనేది. బడి ఊడ్చే ఆయమ్మ రోజూ ఆ వేళకే వచ్చి, "నాకెలాగూ పైన పనుంది, ఆ పుస్తకం ఇలా పారెయ్యి" అని సర్క్యులర్ పట్టుకుపోయేది. పైన ఆవిడకి ఏ పనీ లేదని మామయ్యకి తెలుసు. తెలిసినట్టు ఆవిడకి తెలియనిచ్చేవాడు కాదు. ఇలాంటి మనుషుల్ని దారిపొడుగునా నిలబెడతాడు కాబట్టే దేవుణ్ణి నమ్మడం తేలిక.

నెలన్నర గడిచేసరికి మామయ్య కళ్ళలో ఎరుపు పోయింది. చదివింది చదివినట్టు నిలుస్తోంది. కానీ అసలు చిక్కు అలాగే ఉంది. ఆ సంగతి భార్యే కనిపెట్టింది. ఆవిడ కట్ట విప్పుతూ ఒకసారి గ్లాసు కొట్టడం మర్చిపోయింది. ఆయన చటుక్కున లేచి నిలబడ్డాడు.

"ఎక్కడికి?"

"టైమయింది."

"నేను కొట్టలేదుగా."

"అదే చెబుతున్నా, కొట్టలేదు!"

మర్నాటినుంచి కొత్త పాఠం మొదలైంది. సాయంత్రం చదువుకి బదులు, టీచరమ్మ ఇచ్చిన పాత ప్రశ్నపత్రం ముందుపెట్టుకుని మూడుగంటలు బెంచీ మీద కూర్చోవాలి. ఆవిడ అరగంటకి కొట్టాల్సింది ముప్ఫై మూడో నిమిషానికి కొడుతుంది. ఒక్కోసారి అసలు కొట్టదు.

"ఏమే, దాటిపోయింది."

"దాటనివ్వండి."

"మూడు నిమిషాలు!"

"నా గంట, నా ఇష్టం. మీ లెక్క మీరు చూసుకోండి."

ఆయన కాళ్ళు బెంచీ కింద వాటంతట అవే నడుస్తున్నాయి. లోకంలో ఎక్కడో పిల్లలు ఇంటర్వెల్ కోసం ఎదురుచూస్తున్నట్టు, ఆ పాపం తనదే అన్నట్టు గిలగిల్లాడాడు. మొదటి వారం నాలుగుసార్లు లేచాడు. తర్వాత వారం రెండుసార్లు. ఆపై వారం లేవలేదుగానీ, బెంచీ చెక్క అంచున ఆయన గోళ్ళ గుర్తులు పడ్డాయి. త్రికోణమితి కన్నా ఇది పెద్ద చదువని ఆవిడకి అర్థమైంది. చొక్కాలు పక్కన పెట్టి ఎదురుగా కూర్చునేది, తోడుగా. అప్పుడు కుట్టకుండా పోయిన కాజాలు మర్నాడు తెల్లారి కుట్టుకునేది, ఆ మాట చెప్పకుండా.

రెండోసారి పరీక్ష అదే బళ్ళో పడింది. ఇంగ్లీషు రోజున బల్ల దగ్గర నిద్ర రాలేదు, హాయిగా రాసి వచ్చాడు. లెక్కల రోజున వరండాలో ఆ బడి అటెండరు ఎదురయ్యాడు. పోయినసారి మామయ్య కొట్టిన గంటవల్ల పాపం అతనికి చివాట్లు పడ్డాయి. మామయ్య తల దించుకున్నాడు.

"అన్నా, మీరేనా! ఈసారి మీకు ఆ శ్రమ వద్దు. సెకను తేడా రాకుండా నేనే కొడతాను, ఒట్టు" అన్నాడతను. కోపమేమీ లేదు. లోపలికి వెళ్ళి మామయ్య బల్ల ఊగుతుంటే కాలికింద కాగితం మడిచి పెట్టి కూడా వెళ్ళాడు.

ఒట్టు పదిన్నర దాకా నిలబడింది. పదకొండుకి గంట పడలేదు.

ఎండ బల్ల అంచు తాకింది. మామయ్య కలం ఆగింది. ఎండ అంచు దాటింది. తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మంలో మాస్టారు అటు తిరిగి నిలబడ్డాడు. వరండా చివర ఇనుము, సుత్తి, ఒక్క దెబ్బ పని. మామయ్య రెండు చేతులా బెంచీ పట్టుకున్నాడు. నా గంట కాదు, నా గంట కాదు అని దేవుడి పేరులా తలుచుకున్నాడు. తర్వాత తలెత్తి కిటికీలోంచి దూరంగా చూశాడు. ఎవరిదో మేడమీద ఆరేసిన చొక్కాలు కనిపించాయి. ఒకటి, రెండు, మూడు... పది లెక్కపెట్టేసరికి వరండాలో గంట మోగింది. ఆయన మళ్ళీ కాగితం మీదికి వంగాడు.

పన్నెండున్నరకి ఆఖరి గంట పడాలి. ఆయన చివరి లెక్క మొదలుపెట్టాడుగానీ సగంలోనే వేళ ముగిసిందని ఎండ చెప్పేసింది. గంట కొట్టేదాకా కాగితాలు తీసుకోకూడదని నియమం. గంట లేదు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి మామయ్య ఆలస్యాన్ని తిట్టుకోలేదు. వంచిన తల ఎత్తకుండా రాశాడు. జవాబు కింద గీత గీశాక, పూర్తిగా నాలుగు నిమిషాల తర్వాత, గంట మోగింది. అది నాలుగు మార్కుల లెక్క.

ఇంటికి రాగానే భార్య అడిగింది. "ఎలా రాశారు?"

"కూర్చున్నాను" అన్నాడు. ఆవిడ కంచం పెట్టింది.

ఇంగ్లీషులో నలభై నాలుగు, లెక్కల్లో ముప్ఫై ఏడు వచ్చాయి. అచ్చాఫీసు బావగారు వీధి వీధంతా తన టైంటేబుల్ మహిమ చెప్పుకున్నాడు. ఆ అట్ట మాత్రం వంటింట్లో తన పని తాను చేసుకుంటూనే ఉంది. మామయ్యకి ఒకటే మనసులో ముల్లు. టీచరమ్మ దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, ఆ నాలుగు నిమిషాలు... నాకు తెలుసు టైమైపోయిందని. తప్పంటారా?"

టీచరమ్మ చేతిలో సుద్దముక్క పక్కన పెట్టింది. "గదిలో పిల్లలందరికీ వచ్చాయిగా మామయ్యా ఆ నాలుగు నిమిషాలు. పోయినసారి మీరు లేచి పోగొట్టుకున్న టైములో కాస్త ఇప్పుడు తిరిగొచ్చిందనుకోండి." ఆయన దణ్ణం పెట్టి వచ్చేశాడు. ఆ మాట సగమే మింగుడుపడింది. మిగతా సగం దేవుడు చూసుకుంటాడని వదిలేశాడు.

రికార్డు గదిలో మొదటిరోజు. వీపు ఉన్న కుర్చీలో ఆయన కొంచెం అంచునే కూర్చున్నాడు. బల్ల మీద పాత హాజరు పట్టీలు, కిటికీ అవతల వరండా. సుత్తి ఇప్పుడు కొత్త అటెండరు చేతిలో ఉంది. ఎండ మూడో స్తంభాన్ని తాకింది. దాటింది. కొత్తవాడు ఆయమ్మతో ఏదో మాట్లాడుతున్నాడు. పై అంతస్తులో పిల్లలు ఆకలితో బల్లల మీద దరువేస్తున్నారు.

మామయ్య పట్టీ మీంచి తలెత్తి కిటికీలోంచి దూరంగా చూశాడు. కాలు ఒక్కటే బల్లకింద కదిలింది. మిగతా మనిషి కదల్లేదు.