మేకుకు వేలాడిన గార్డు

చందాపుర దగ్గర మా వడ్రంగి షెడ్డులో, గోడ మేకుకు ఒక ఇనుప రేకు తొమ్మిదేళ్ళు వేలాడింది. అది చిత్రిక పట్టే మిషను గార్డు. మిషనుకు రెండు ఇనుప బల్లలు, వాటి నడుమ గిరగిర తిరిగే బ్లేడ్లు. వాటిని కప్పి ఉంచడానికే ఈ రేకు. చెక్క తోసుకొస్తే పక్కకు జరుగుతుంది, చెక్క దాటిపోగానే స్ప్రింగు దాన్ని మళ్ళీ వెనక్కు లాక్కొస్తుంది. అడ్డమొస్తోందని నేనే విప్పేశాను. మా పనిలో విప్పనివాళ్ళెవరు?

విప్పినా మర్యాదకు లోటు చేయలేదు. ప్రతి ఆయుధపూజకూ మిషనుకంటే ముందు దానికే పసుపు, కుంకుమ, రెండు చామంతులు. మా ఆవిడ నవ్వేది. "పనిలో పెట్టేది లేదు గానీ పూజ మాత్రం ముందు. ఉత్సవ విగ్రహం చేసి పెట్టినావు."

నాది కాస్త కలల స్వభావం. కప్పు కంతల్లోంచి ఎండ దిగి, పొట్టు ధూళి అందులో నెమ్మదిగా తేలుతుంటే, మిషను హోరు నాకు జోలపాట. చేతులు చెక్కను తోస్తుంటాయి, నేను ఇంకెక్కడో ఉంటాను. అలాంటి ఒక మధ్యాహ్నమే ఎడమ చూపుడువేలు కొస పోయింది. పనస చెక్కలో ముడి తగిలి చెయ్యి జారిందని అందరికీ చెప్పాను.

ఈ మధ్య ఆవిడ పనిచేసే గార్మెంట్ ఫ్యాక్టరీ మూతపడింది. షెడ్డుకే వస్తానంది. నాకెంత సంతోషమైందో చెప్పలేను. తీరా వచ్చి మిషను చూసి, రెండు చేతులూ వెనక్కు కట్టుకుంది.

"గార్డు లేనిదే నేను చెయ్యి పెట్టనప్పా. మా కుట్టుమిషన్లకూ సూది దగ్గర గార్డు ఉండె. కుట్టు కనపడదని పైకి తోసేస్తాంటిమి. చెకింగుకు వచ్చేవాళ్ళ చెప్పుల సప్పుడు వింటే దించుతాంటిమి. నా గోట్లో సూది దిగిన పొద్దు కూడా అది పైనే ఉండె."

ఆదివారం మిషను ప్లగ్గు పీకి, రేకును మేకు మీదనుంచి దించాను. నా భక్తంతా దాని కీలులోనే గడ్డకట్టి ఉంది. నూనె, కుంకుమ, పొట్టు కలిసి స్ప్రింగును కదలనివ్వడం లేదు. కిరసనాయిల్లో నానబెట్టాం. ఆవిడ పాత బ్రష్షుతో తోముతుంటే ఎర్రటి కిరసనాయిలు కారింది. నాకు సిగ్గేసింది.

కీలు కడ్డీని బల్ల పక్క రంధ్రంలో దించాను. రేకు అడుగు బల్లకు రాసుకుంటుంటే ఒక వాషరు వేశాను. బ్లేడ్లను చేత్తో మెల్లగా తిప్పి, ఎక్కడా తగలడం లేదని చూసుకున్నాను. ఇక స్ప్రింగు. కడ్డీ తిప్పేకొద్దీ అది బిగుస్తుంది. కడ్డీని కొంచెం తిప్పి మర బిగించి, చెక్క తోశాను. రేకు పక్కకు జరిగి, అత్తారింటికి వచ్చిన అల్లుడిలా అక్కడే ఉండిపోయింది. ఈసారి ఒక చుట్టు తిప్పాను. చెక్క దాటగానే ఠంగుమని వచ్చి, చెక్కను ఆనించి తోసే నిలువు పట్టెను కొట్టింది. ఆవిడ ఉలిక్కిపడింది.

"ఇట్లైతే మళ్ళీ పీకేస్తావు. సగానికి తిప్పు."

సగానికి తిప్పాను. చెక్క వెళ్ళింది. దాని కొసను విడవకుండా రేకు వెంటే వచ్చి, బ్లేడ్ల మీద మెత్తగా మూసుకుంది. పది సార్లు తోశాం, పది సార్లూ మూసుకుంది. షెడ్డులో పనస పొట్టు వాసన. ఆ నిశ్శబ్దంలో ఎందుకో దాచుకోబుద్ధి కాలేదు.

"ఆ పొద్దు చెక్కలో ముడి లేదు," అన్నాను. "నువ్వు వంటింటికి తూర్పు కిటికీ కావల్లంటాంటివి కదా. దాని రెక్కలు ఎట్లా చేద్దామా అని కల కంటాంటి."

ఆవిడ బ్రష్షు తుడుచుకుంటూనే ఉంది. "తెలుసు. ఆ చెక్కను నీళ్ళ పొయ్యిలో పెట్టింది నేనే. అంతా తిప్పి చూసినా. ముడి యాడా లేదు."

"మరి ఇన్నాళ్ళూ అడగలేదే?"

"వేలు పోయి ఏడుస్తాంటివి. ఉన్న ఒక్క అబద్ధాన్నీ నేను లాక్కోవల్లనా?"

ఆవిడ కొంగు బిగించి ప్లగ్గు పెట్టమంది. మిషను హోరెత్తింది. ఎండలో ధూళి ఎప్పటిలాగే తేలుతోంది. తొలి చెక్క ఆవిడే తోసింది. రేకు తెరుచుకుని, మళ్ళీ వచ్చి మూసుకుంది. కలలోకి జారకుండా పక్కనే నిలబడి, ఆవిడ వేళ్ళు లెక్కపెట్టాను. పదీ ఉన్నాయి.